గ్యాస్ లీకు పట్టడం కూడా ఫిజిక్సేనా అక్కా?

కణ డిటెక్టర్ల (కంటికి కనిపించని సూక్ష్మ కణాల్ని పట్టే పరికరాల) గురించి ఈ పత్రికలో నేను రాసిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే రావడం నాకు చాలా సంతోషం. నాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర మా ఇల్లు. పీహెచ్‌డీ పూర్తయ్యాక ఇప్పుడు ముంబైలో గ్యాస్ డిటెక్టర్లు తయారుచేసే ఒక బృందంలో పోస్ట్‌డాక్‌గా పనిచేస్తున్నాను. అన్ని ఉత్తరాలకీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి, ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి కొన్నిటికి జవాబు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నేను ఎచ్చెర్లలో ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. పరిశోధన అంటే ఇష్టం. మా సీనియర్ ఒకరు డిటెక్టర్ గ్రూపులో పీహెచ్‌డీలో చేరారు. రోజంతా గ్యాస్ పైపులకి సబ్బు నీళ్ళు రాసి లీకులు వెతకడమే పని అని వాపోతున్నారు. ఇది కూడా ఫిజిక్సేనా? థియరీకి వెళ్తేనే గౌరవం అని మా క్లాసులో అందరూ అంటున్నారు. – పొందూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: చెల్లీ, మీ సీనియర్ చెప్పింది నిజమే. సబ్బు నీళ్ళుంటాయి, జిగురుంటుంది, టేపుంటుంది, మోకాళ్ళ మీద కూర్చుని కేబుళ్ళు వెతుక్కోవడం ఉంటుంది. కానీ ఫిజిక్స్ ఎక్కడో వేరే గదిలో జరుగుతోందనుకోకు. ఆ లీకు దగ్గరే జరుగుతుంది. ఎలాగో వివరంగా చెప్తాను.

నేను పనిచేసేది రెసిస్టివ్ ప్లేట్ చాంబర్ మీద. దాన్ని అందరం ఆర్‌పీసీ అంటాం. రెండు గాజు పలకలు, వాటి మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీ అన్ని చోట్లా ఒకేలా ఉండాలని మధ్యమధ్యలో చిన్న ప్లాస్టిక్ బొత్తాలు అతికించి, నాలుగు అంచులూ జిగురుతో మూసేస్తాం. గాజు బయటి వైపు గ్రాఫైట్ పూత పూసి, ఆ రెండు పూతల మధ్య సుమారు 10 వేల వోల్టులు పెడతాం. లోపల గ్యాస్ పారుతూ ఉంటుంది. పైనుంచి మ్యూయాన్ అనే కణం (ఎలక్ట్రాన్ లాంటిదే గానీ దానికన్నా బరువైనది) ఒకటి దూసుకుపోతే గ్యాస్ అణువుల నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. అంత వోల్టేజీలో అవి పరుగెత్తి ఇంకొన్నిటిని ఊడగొడతాయి, అవి మరికొన్నిటిని. ఆ కదలికకి బయట రాగి పట్టీ మీద ఒక చిన్న సిగ్నల్ వస్తుంది. కణం ఏ క్షణంలో వచ్చిందో దాదాపు ఒక నానోసెకను తేడాతో ఈ గాజు పెట్టె చెప్పేస్తుంది. మ్యూయాన్ల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పొందూరు డాబాల మీద కూడా పడుతూనే ఉంటాయి.

ఇప్పుడు లీకు సంగతి. చాంబరు మూసి, జిగురు ఆరాక, లోపలికి కొద్దిగా గ్యాస్ పంపి వాల్వు కట్టేస్తాం. పక్కన యు ఆకారంలో వంచిన గొట్టంలో నీళ్ళుంటాయి. ఒక కొస చాంబరుకి కలిపి ఉంటుంది, రెండోది గదిలో గాలికి తెరిచి ఉంటుంది. రెండు వైపులా నీటి మట్టాల తేడా స్కేలు మీద చదివి నోట్‌బుక్‌లో రాస్తాం. కాసేపాగి మళ్ళీ చదువుతాం. తేడా తగ్గిందనుకో, వెంటనే లీకు అనెయ్యకూడదు. గదిలో ఏసీ వేసినా తగ్గుతుంది. బయట వాతావరణ పీడనం పెరిగినా తగ్గుతుంది. ఇంటర్‌లో చదివిన వాయు సమీకరణమే ఇక్కడ అక్కరకొస్తుంది. గది ఒక్క డిగ్రీ చల్లబడితే మూసి ఉన్న గ్యాస్ పీడనం సుమారు 300లో ఒక వంతు పడిపోతుంది. గాజు ఏమాత్రం వంగదనుకుంటే, నీటి గొట్టంలో అది 30 మిల్లీమీటర్లకి పైమాటే. అంటే లీకు లేకపోయినా భయపెట్టేంత తేడా. అందుకే ప్రతి రీడింగు పక్కన ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం కూడా రాసి, వాటి ప్రభావం తీసేసి, అప్పుడు మిగిలిన తగ్గుదలనే లీకు అంటాం. గాజు మీద బొత్తాలున్న చోటల్లా వేలితో మెల్లగా నొక్కి చూస్తాం. బొత్తం గట్టిగా అతుక్కుని ఉంటే నీళ్ళు కదలవు. ఊడిపోయి ఉంటే మట్టం చటుక్కున లేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ సమీకరణం సాధించినప్పుడూ కలగలేదు.

ఇంత పట్టింపు ఎందుకంటావా? జపాన్‌లోని కణాల్ని ఢీకొట్టి చూసే బెల్ ప్రయోగంలో కూడా గాజు ఆర్‌పీసీలే వాడారు. మొదట్లోనే వాటిలో కరెంటు పెరిగిపోయి, కణాల్ని పట్టే సామర్థ్యం పడిపోయింది. వెతికితే తేలింది ఏమిటంటే, గ్యాస్ తెచ్చే ప్లాస్టిక్ గొట్టాల గోడల గుండా గాలిలోని తేమ లోపలికి ఊరుతోంది! గొట్టానికి చిల్లు లేదు, జాయింటు వదులు కాలేదు. రాగి గొట్టాలు వేశాక సమస్య తగ్గింది. ఫ్లోరిన్ ఉన్న గ్యాస్‌లో తేమ చేరి, విద్యుత్ డిశ్చార్జి (చిన్న మెరుపు) జరిగితే గాజుని తినేసే ఆమ్లం తయారవుతుంది. గొట్టం గురించి ఆలోచించినవాళ్ళు అక్కడ ప్రయోగాన్ని కాపాడారు. అది ఫిజిక్స్ కాకపోతే ఇంకేమిటి చెప్పు?

మీ పొందూరులో ఖాదీ నూలు వడకడానికి ముందు వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారు కదా. ఆ ఏకుడులో తేడా వస్తే ఎంత చెయ్యి తిరిగిన వాళ్ళు వడికినా సన్న నూలు రాదు. డిటెక్టర్ తయారీ కూడా అలాంటిదే.

థియరీకి వెళ్ళడం తప్పు కాదు, అది నీకు నిజంగా నచ్చితే. గౌరవం కోసం మాత్రం వెళ్ళకు. ఈ రంగంలో తేలని పెద్ద సమస్యలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి చెప్తాను. ఆర్‌పీసీల్లో నింపే గ్యాస్‌లో 90 శాతానికి పైగా ఉండేది ఆర్-134ఎ. కార్ల ఏసీల్లో వాడే గ్యాసే. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లు దాటి ఉంటుంది. యూరప్‌లో దాని వాడకాన్ని తగ్గిస్తూ వస్తున్నారు. దానికి బదులు హెచ్‌ఎఫ్‌ఓ అనే కొత్త గ్యాస్ వాడదామంటే వోల్టేజీ బాగా పెంచాల్సి వస్తోంది. అందుకని కార్బన్ డయాక్సైడ్ కలిపి రకరకాల మిశ్రమాలు పరీక్షిస్తున్నారు. చాలా ఏళ్ళు నడిపినా డిటెక్టర్ పాడవకుండా ఉండే మిశ్రమం ఏది? నీలాంటి వాళ్ళు వచ్చి తేల్చాల్సిన ప్రశ్న ఇది.

ఒక వేసవి ఏదైనా ల్యాబ్‌లో గడిపి చూసి నిర్ణయించుకో. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్పులున్నాయి, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ళ వేసవి కార్యక్రమం ఉంది. పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్, టీఐఎఫ్ఆర్ ప్రవేశ పరీక్ష లాంటివి రాయాలి. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూలుకి కూడా తప్పకుండా అప్లై చెయ్యి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి డిటెక్టర్ల మీద పీహెచ్‌డీ చేయడానికి సీటు వచ్చింది. రేడియేషన్‌తో పని, రేపు పిల్లలు పుట్టరని బంధువులు భయపెడుతున్నారు. ఒక సంబంధం కూడా ఆ మాట మీదే వెనక్కి పోయింది. మాకు టెన్షన్‌గా ఉంది. ఆ స్టైపెండ్‌తో పరాయి ఊళ్ళో బతకగలదా? – నెల్లిమర్ల నుంచి ఒక తండ్రి

జవాబు: బాబాయిగారూ, ఈ భయం మా ఇంట్లోనూ ఉండేది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మా డిటెక్టర్లని చాలావరకు పరీక్షించేది ఆకాశం నుంచి పడే మ్యూయాన్లతో. అవి మీ ఇంట్లో మీ మీదా పడుతున్నాయి, ల్యాబ్‌లో ఉన్నంత మాత్రాన ఎక్కువ పడవు. కొన్ని పరీక్షలకి చిన్న రేడియోధార్మిక సోర్సులు వాడతాం. వాటిని సీసం కవచంలో, తాళం వేసి ఉంచుతారు. తీసినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. వాటితో పనిచేసే వాళ్ళు ఛాతీకి బ్యాడ్జి పెట్టుకుంటారు. ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జిని ఎప్పటికప్పుడు పరీక్షించి చెప్తారు. మన దేశంలో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (శరీరానికి అందే రేడియేషన్‌కి కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనుషులకి సహజంగా అందేదే ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. గర్భం వచ్చిందని చెప్పిన వెంటనే మహిళలకి వర్తించే పరిమితి ఇంకా బాగా తగ్గిపోతుంది, సోర్సులున్న పని నుంచి తప్పించమని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడక్కర్లేదని అమ్మాయికి ముందే చెప్పండి.

అసలు జాగ్రత్త పడాల్సింది హై వోల్టేజీతో, గ్యాస్ సిలిండర్లతో. ఒంటరిగా రాత్రిపూట హై వోల్టేజీ ఆన్ చేయవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి.

డబ్బు సంగతి. జూనియర్ రిసెర్చ్ ఫెలోకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000. హాస్టల్ ఇస్తే హాయిగా సరిపోతుంది, ఇంటికి కొంత పంపగలదు కూడా. హాస్టల్ లేకపోతే ఇంటద్దె అలవెన్సు ఇస్తారు గానీ ముంబై లాంటి చోట కష్టమే. స్టైపెండ్ కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది. మొదటి ఏడాదికి మీరు కాస్త చేతిలో ఉంచుకోండి. సంబంధం మాట నేను చెప్పకూడదేమో గానీ, వినడానికి కూడా ఇష్టపడక వెనక్కి పోయిన వాళ్ళ గురించి బాధపడకండి.

ప్రశ్న: మేడం, మాది చీపురుపల్లి. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ రాకపోతే తీసుకోరా? – ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, తీసుకుంటారు. బోర్డు మీద బొమ్మ వేసి, సుద్దముక్కతో లెక్క చేసి చూపిస్తే భాష తడబడినా ఎవరూ పట్టించుకోరు. రోజూ ఒక ఇంగ్లిష్ పేపరులో ఒక్క పేజీ పైకి చదువు, అది చాలు.

ప్రశ్న: నేను రాజాంలో ఈసీఈ చదువుతున్నాను. ఫిజిక్స్ వాళ్ళకే కాకుండా మాకు కూడా ఈ రంగంలో చోటు ఉందా? – ఒక బీటెక్ విద్యార్థి

జవాబు: ఉంది, చాలా ఉంది. జెనీవా దగ్గర ఉన్న కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో సీఎంఎస్ అనే డిటెక్టర్ లోపల ప్రోటాన్ గుంపులు సెకనుకి 4 కోట్ల సార్లు ఎదురెదురుగా దాటుకుంటాయి. అంత డేటా దాచడం ఎవరి తరమూ కాదు. అందుకని మొదటి దశలోనే, సెకనుని పది లక్షల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాల వ్యవధిలో, ఏది ఉంచాలో ఏది వదలాలో ఎలక్ట్రానిక్స్ నిర్ణయించి, వాటిని సెకనుకి సుమారు లక్షకి తగ్గిస్తూ వచ్చింది. ఆ నిర్ణయం తీసుకునేవి, లోపలి సర్క్యూట్‌ని కావలసినట్టు మార్చుకోగల చిప్‌లైన ఎఫ్‌పీజీఏలు. సెర్న్‌లోనే జరిగే ఆలిస్ ప్రయోగంలో మ్యూయాన్ డిటెక్టర్లకి వాడిన మానస్ అనే చిప్ మన దేశంలోనే డిజైన్ అయింది.

నీకు నా సలహా ఒక్కటే. ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కోకు. చిన్నదైనా సరే, నువ్వే సర్క్యూట్ బోర్డు (పీసీబీ) గీసి, నువ్వే సోల్డరింగ్ చేసి, అందులో నాయిస్ (అక్కర్లేని సిగ్నల్) ఎక్కడి నుంచి వస్తోందో ఆసిలోస్కోప్‌లో చూసి పట్టుకో. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన వాళ్ళకి నెలలు పట్టేది ఎర్తింగ్ అర్థం కావడమే. దూరంగా ఎక్కడో పంపు మోటారు వేస్తే మా డిటెక్టర్ లెక్క పెరుగుతుంది. అది కణం కాదు, మోటారు అని రుజువు చేయగలిగిన వాడికి ఏ బృందమైనా కుర్చీ వేస్తుంది.

ప్రశ్న: అమ్మాయ్, ఇన్ని వందల కోట్లు పెట్టి కనిపించని కణాల్ని వెతికితే సామాన్యుడికి ఒరిగేదేమిటి? – బొబ్బిలి నుంచి ఒక రిటైర్డు మాస్టారు

జవాబు: మాస్టారూ, విశాఖలో క్యాన్సర్ రోగులకి తీసే పెట్ స్కాన్ యంత్రాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది మా డిటెక్టర్లే. గామా కిరణం తగిలితే మెరిసే స్ఫటికాలు, ఆ మెరుపుని పట్టే సెన్సార్లు. జార్జెస్ చార్పాక్ 1968లో కణాల కోసం తయారుచేసిన బహుతీగల చాంబరుకి 1992లో నోబెల్ వచ్చింది. ఆయనే తర్వాత ఆ విద్యని వైద్యానికి మళ్ళించడానికి ఏళ్ళ తరబడి కృషి చేశారు. 2017లో ఈజిప్టు ఖుఫూ పిరమిడ్‌లో ఎవరికీ తెలియని పెద్ద ఖాళీ ఒకటి ఉందని మ్యూయాన్ డిటెక్టర్లతోనే, ఒక్క రాయి కదపకుండా కనిపెట్టారు.

మన దగ్గరిది చెప్పాలంటే, ఆకాశం నుంచి పడే కణాల్ని పట్టే ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగం. ఒక్కోటి 6 మీటర్ల పొడవున్న ఉక్కు గొట్టాలు, మధ్యలో సన్నని టంగ్‌స్టన్ తీగ, అలాంటివి 3,712. 2014 డిసెంబర్ 1న ఒక ఉరుముల మబ్బు పైన వెళ్తుంటే మ్యూయాన్లు తగ్గాయి. ఎంత తగ్గాయో లెక్కగట్టి ఆ మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని చెప్పగలిగారు. మన జిల్లాల్లో పిడుగులకి పొలాల్లో ఎంతమంది పోతున్నారో మీకు తెలుసు. మబ్బు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం సామాన్యుడికి అక్కర్లేనిది కాదు మాస్టారూ.

ప్రశ్న: అక్కా, నేను రెండో పోస్ట్‌డాక్‌లో ఉన్నాను. నా పేరు మీద వందల పేపర్లున్నాయి, అన్నిట్లో నాతో పాటు మూడు వేల మంది. ఇంటర్వ్యూలో "ఇందులో మీరు చేసిందేమిటి?" అంటే నోరు పెగలడం లేదు. ఇంట్లో వాళ్ళు పలాస వచ్చేసి జీడిపప్పు వ్యాపారం చూసుకోమంటున్నారు. – ఒక యువకుడు

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాదీ అదే వయసు, అవే కాంట్రాక్టులు. ఇది నీ చేతకానితనం కాదు. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన పేపరుకి 5,154 మంది రచయితలు. అంత మందిలో ఎవరు ఏం చేశారో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? మనమే తెలిసేలా చేయాలి.

డిటెక్టర్ పని చేసేవాళ్ళకి ఇందులో ఒక మేలుంది. పరికరం మీద రాసే పేపర్లకి రచయితలు తక్కువ. నువ్వు ఒక గ్యాస్ మిశ్రమాన్ని పరీక్షించావా, ఒక బోర్డు నాయిస్ తగ్గించావా, అది చిన్నదని వదలకు. పరికరాల పత్రికల్లో ఐదారుగురి పేర్లతో, వీలైతే నీ పేరు ముందు పెట్టి ప్రచురించు. రెండోది, ప్రయోగంలో నీతో పక్కన నిలబడి పనిచేసిన వాళ్ళ చేత సిఫార్సు లేఖ రాయించుకో. పెద్ద పేరున్న ప్రొఫెసర్ రాసే రెండు మర్యాద వాక్యాల కన్నా, "బీమ్ టెస్ట్‌లో (యంత్రం నుంచి కణాల్ని పంపి చేసే పరీక్షలో) చాంబరు ట్రిప్ అవుతుంటే కారణం ఇతనే పట్టుకున్నాడు" అని ఇంజనీర్ రాసిన ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. ఇంటర్వ్యూకి నీ లాగ్‌బుక్‌లోంచి రెండు గ్రాఫులు పట్టుకెళ్ళు. ఒకటి పనిచేయనప్పటిది, రెండోది నువ్వు చెయ్యి పెట్టాక పనిచేసినప్పటిది. ఆ రెండింటి మధ్య ఏం చేశావో చెప్పడం మొదలుపెడితే నోరు దానంతటదే పెగులుతుంది.

శాశ్వత ఉద్యోగాలు ఈ దేశంలో తక్కువ. ఆ మాట దాచి నిన్ను మభ్యపెట్టను. పీహెచ్‌డీల్లో చేర్చుకునే ముందే పిల్లలకి ఈ సంగతి చెప్పాలని నేను ప్రతి చోటా వాదిస్తున్నాను. కానీ యూనివర్సిటీ పోస్టు ఒక్కటే దారి అనుకోకు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బెంగళూరులో బీఈఎల్ లాంటి ఎలక్ట్రానిక్స్ సంస్థలు, అచ్యుతాపురం దగ్గర బార్క్, అంతరిక్ష ప్రయోగాలకి ఎక్స్‌రే డిటెక్టర్లు చేసే సంస్థలు, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం కాబట్టి అక్కడి పరిమిత కాలం ఉద్యోగాలకి నువ్వు నేరుగా అప్లై చేయవచ్చు. ఒక గడువు పెట్టుకో, ఆ గడువు ఇంట్లో చెప్పు. అంతలోగా రాకపోతే పలాస రావడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వాక్యూమ్, గ్యాస్, కొలతలు తెలిసినవాడికి జీడిపప్పు ఆరబెట్టే యంత్రంలో తేమ కొలవడం కూడా మంచి పనే.

ప్రశ్న: మేడం, కళింగపట్నం దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్తాను. మా పిల్లల చేత నిజంగా కణాల్ని లెక్కపెట్టించే ప్రయోగం ఏదైనా, తక్కువ ఖర్చులో చెప్పగలరా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీరున్న చోటు ఈ ప్రయోగానికి చాలా మంచిది. వంశధార సముద్రంలో కలిసే మీ తీరంలో నల్లటి ఇసుక చారలు చూసే ఉంటారు. ఆ బరువు ఇసుకల్లో ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలతో పాటు కొద్దిగా మోనజైట్ కూడా ఉంటుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం.

రేడియేషన్ తగిలినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెట్టే చిన్న గైగర్ కౌంటర్ కిట్ కొన్ని వేల రూపాయలకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గొట్టానికి సుమారు 400 వోల్టులు వెళ్తాయి కాబట్టి, దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మీరే పట్టుకోండి, పిల్లలు లెక్క రాస్తారు. ముందు క్లాసు గదిలో ఒక్క నిమిషం కొలవమనండి. ఇరవైయో ముప్పయ్యో వస్తాయి. మళ్ళీ కొలిస్తే వేరే అంకె వస్తుంది. పరికరం పాడైందని పిల్లలు అంటారు. అప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. వచ్చిన లెక్కకి వర్గమూలం ఎంతో, దాదాపు అంత ఊగుతుంది. 25 వస్తే 5 అటూ ఇటూ. అదే గంటసేపు కొలిచి 1,500 వచ్చిందనుకోండి, ఊగేది సుమారు 39 మాత్రమే. ఎక్కువసేపు ఎందుకు కొలవాలో చెప్పకుండానే అర్థమైపోతుంది.

తర్వాత తెల్ల ఇసుక మీద, నల్ల చార మీద, రెండు చోట్లా నేల నుంచి ఒకే ఎత్తులో, ఒకే వ్యవధి కొలవండి. తేడా వస్తే, ఆ తేడా ఊగిసలాట కన్నా ఎన్ని రెట్లుందో చూడండి. రెండు మూడు రెట్లు దాటకపోతే తొందరపడి ఏమీ తేల్చకండి, ఇంకాసేపు కొలవండి. ఇసుకని ఇంటికో బడికో తేవద్దు, పరికరాన్నే తీరానికి తీసుకెళ్ళండి. ఈ ఇసుక ఎప్పటి నుంచో అక్కడే ఉందని, కాసేపు దాని మీద నిలబడితే భయం లేదని తల్లిదండ్రులకి ముందే చెప్పి ఉంచండి. ఒకరు టైము చూడాలి, ఒకరు లెక్క చదవాలి, ఒకరు రాయాలి, మరొకరు రాసినది సరిచూడాలి. బీమ్ టెస్టులో మేం చేసేదీ ఇలాగే. పిల్లలు రాసిన పట్టిక ఫొటో తీసి పత్రిక చిరునామాకి పంపండి. ప్రతి అంకె చూసి, వాళ్ళకి విడిగా ఉత్తరం రాస్తాను.